గని కార్మికుని యుద్యోగచ్యుతి

బొగ్గుగనికై పొలమును గైకొన్నచో భూస్వామి నష్టపరిహారము నడుగును, అడుగుట న్యాయమే. 2013 నాటి భూసేకరణ చట్టము భూమి విలువకుఁ దోడు, దానికి సరిసమానమైన మఱియొక మొత్తమును గూడ నిప్పించుచున్నది. అదే గనిలో పదునైదేండ్లు బొగ్గు త్రవ్విన వానిని ఒక్క కాగితముతో వెలుపలికిఁ బంపినపుడు మాత్రము, వాఁడు కోరు పరిహారమును మనలోఁ బెక్కురు యాచనగా నెంచుచున్నారు. ఈ భేదమునకు హేతువేమో మాకుఁ దెలియరాకున్నది.

1871లో ఇల్లెందు చెంత బొగ్గు కనుఁగొనఁబడినది. నేఁడు సింగరేణి గనులలో ఉద్యోగచ్యుతికిఁ దఱచుగాఁ జూపఁబడు కారణము గైరుహాజరు. ఇల్లెందు, మణుగూరు ప్రాంతపు అడవిపల్లెలకు మలేరియా క్రొత్తది కాదు. జ్వరపడినవాఁడు ఇంటనే మందు త్రాగి తేఱుకొని వచ్చునప్పటికి వానికడ ఆసుపత్రి చీటి యుండదు. చీటి లేనిచో విచారణలో జ్వరము జ్వరమే కాదు. సోమరులు లేరా యని యడుగువారు గలరు. ఉన్నారు. సోమరిని రోగినుండి వేఱుపఱచుటకే గదా విచారణ! బుద్ధిపూర్వకము కాని గైరుహాజరు దుష్ప్రవర్తన కాదని సుప్రీముకోర్టు 2012లో నొక ప్రభుత్వోద్యోగి వ్యాజ్యమున స్పష్టపఱచినది.

ఇందొక మర్మము గలదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు బదులు 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరు 21 నుండి యమలులోనికి వచ్చినది. పని తగ్గి తొలఁగింపఁబడిన కార్మికునికి ముందస్తు నోటీసును, సర్వీసు ఏడాదికి 15 రోజుల సగటు వేతనమును నాఁడును గలవు, నేఁడును గలవు. పదునైదేండ్లకు లెక్కించిన ఏడున్నర నెలల జీతము! 'దుష్ప్రవర్తన' యను ముద్ర పడినవానికి అదియును లేదు. మాట యొక్కటి మార్చిన యజమానికి ఖర్చు తప్పును.

తొలఁగింపఁబడినవాఁడు ప్రభుత్వపు సిఫారసుకై వేచియుండక నేరుగా కార్మిక న్యాయస్థానమున కేఁగవచ్చునని ఆంధ్రప్రదేశము 1987లోనే చట్టమును సవరించుకొన్నది. కేంద్రము 2010లోఁ గాని యా త్రోవకు రాలేదు. తొలఁగింపు అన్యాయమని తేలిన, పనితోపాటు వెనుకటి వేతనము నిప్పించుట సాధారణ నియమమని సుప్రీముకోర్టు 2013లోఁ జెప్పినది. అయినను క్రొత్త స్మృతి మూఁడేండ్ల గడువును రెండేండ్లకుఁ గుదించినది. పినపాక యడవిలోని మనిషి కాగితమును జదివించుకొని, వకీలును వెదకి, న్యాయస్థానపు మెట్లెక్కునంతలోఁ గాల మెంత మిగులును?

సంస్థ వ్యాధి కారణమని చెప్పుకొన్న ప్రతివాని గ్రామమునకు ముందు వైద్యునిఁ బంపి విచారింపవలెను. నోటీసు తెలుఁగున నుండవలెను. చదువనేర్చిన వాని యెదుట నందింపవలెను. ఆ చదువనేర్చినవారు మన పాఠకులే.