రెండో పరామర్శ

పలాసలోనో, బొబ్బిలిలోనో, టెక్కలిలోనో పెద్దాయన పోయారని కబురొస్తే ఇక్కడ, పరాయి దేశంలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. గంటలో వాట్సాప్ గ్రూపు చేతులు జోడించిన బొమ్మలతో నిండిపోతుంది. టికెట్టు దొరికితే కొడుకు బయల్దేరతాడు, దొరక్కపోతే వీడియో కాల్లో కడసారి చూపు చూసుకుంటాడు. మిత్రులు ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, కాసేపు కూర్చుని, వండి తెచ్చిన గిన్నెలు వంటగదిలో పెట్టి వెళ్తారు. ఈ మొదటి పరామర్శ విషయంలో ప్రవాసాంధ్రులకు వంక పెట్టడానికి లేదు. చిక్కంతా ఆ తర్వాతే. పదిహేను రోజులకు, నలభై రోజులకు, ఆయన లేని తొలి పండక్కి ఆ ఇంటి తలుపు తట్టేవారెవరు? ఉత్తరాంధ్ర చిన్న ఊళ్లలో ఈ పని కొన్ని కుటుంబాల వరకైనా ఒక మనిషి బాధ్యత. ఆయన అక్కడి చర్చి పాస్టరు. ఆయన విశ్వాసం ఆయనది. ఆ విశ్వాసంతో నిమిత్తం లేకుండానే ఆయన పనితీరును మన ప్రవాస తెలుగు సంఘాలు అందిపుచ్చుకోవచ్చు, అందిపుచ్చుకోవాలి అన్నది ఈ సంపాదకీయం వాదన.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రైస్తవుల సంఖ్య స్వల్పం. సంఘం చిన్నది కాబట్టే పాస్టరుకు ప్రతి ఇల్లూ తెలుసు. జనం ఆయన్ని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలుస్తారు. ఎవరైనా పోతే మొదటి కబురు వెళ్లేది ఆ ఇంటికే. పిల్లలు దూరదేశం నుంచి రావాలంటే ఫ్రీజర్ బాక్సు అద్దెకు తేవాలి, కరెంటు పోతే జనరేటరు చూడాలి, విమానం దిగే వేళను బట్టి సమాధుల తోటలో గొయ్యి తవ్వేవాళ్లకు చెప్పాలి, ఆ రాత్రంతా పాటలు పాడేవాళ్లను కూర్చోబెట్టాలి. ఇదంతా భూస్థాపన వరకు. తర్వాత ఆదరణ కూడిక, ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక ఉంటాయి. ఈ రెండింటి నడుమ ఏ బుధవారమో సాయంత్రం ఆయన వచ్చి చాప మీద కూర్చుని చేసే కుటుంబ ప్రార్థనే నా దృష్టిలో అసలైనది. వాక్యం చదవడానికి ఐదు నిమిషాలు చాలు. మిగతా సేపంతా వితంతు పింఛను కాగితాలు సచివాలయంలో ఇచ్చారా, పొలం పాసుపుస్తకంలో పేరు మారిందా, చిన్నమ్మాయి ఫీజు కట్టారా అన్న ఆరాలే. పోయినవాడి పేరు ఆ ఇంట్లో నలుగురి ముందు మళ్లీ వినపడేది కూడా అప్పుడే.

ఈ బాధ్యత పాస్టరు మీద ఎందుకు పడిందన్నదానికి చరిత్ర ఉంది. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. మతం మారినవాడికి అప్పటి హిందూ న్యాయం ప్రకారం వారసత్వ హక్కు పోయేది. ఆ ఆస్తి నష్టాన్ని తొలగించిన చట్టం మరో పదిహేడేళ్లకు, 1850లో గానీ రాలేదు. ఆస్తి సంగతి అలా ఉంచండి, కులం వెలివేసిన మనిషి పోతే పాడె మోసేదెవరు? ఆ తరానికి సంఘమే చుట్టం, పక్కం కావలసి వచ్చింది. దుఃఖంలో నలుగురూ కలిసి పలకడానికి మాటలూ కావలసి వచ్చాయి. చౌదరిగారు 1890లో కన్నుమూసేదాకా రాస్తూ వచ్చిన కీర్తనలు ఆ లోటు తీర్చాయి. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు తొడగడం కాకుండా, మన చెవికి అలవాటైన రాగతాళాల్లో ఆయన రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం ఉంటాయి. బాప్టిస్టులైనా, లూథరన్లైనా, సీఎస్‌ఐ వారైనా ఆ పుస్తకమే. సోంపేట నుంచి వచ్చిన విధవరాలు పక్క సంఘం వాళ్లతో కూర్చున్నా పుస్తకం చూడకుండా గొంతు కలపగలగడం వెనుక దాదాపు రెండు వందల ఏళ్ల శ్రమ ఉంది. సంతాపాన్ని సామూహికం చేయడానికి మంచి మనసు ఒక్కటీ సరిపోదు. ఉమ్మడిగా తెలిసిన పాట, తెలిసిన తేదీ, వచ్చి తీరే మనిషి ఉండాలి.

మన సభ్యుల్లో అధికులు హిందువులు, వాళ్లకు పాస్టరు పాఠమెందుకని ఎవరైనా అడగవచ్చు. నిజానికి క్యాలెండరు మన ఇళ్లలోనూ ఉంది. పదకొండు, పన్నెండు, మాసికాలు, సంవత్సరీకం అన్నీ తిరిగి తిరిగి దుఃఖం దగ్గరికి మనుషుల్ని రప్పించడానికి ఏర్పడ్డవే. సముద్రం దాటాక అవి పురోహితుడికీ కొడుక్కీ మధ్య ఆన్‌లైన్‌లో గంటసేపటి వ్యవహారంగా కుదించుకుపోయాయి, చుట్టూ ఉండాల్సిన ఊరు జారిపోయింది. ఊరు పక్కనుంటే ఏమవుతుందో చెప్పడానికి విజయనగరం కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1757 జనవరి బొబ్బిలి యుద్ధం తర్వాత తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడైన విజయనగరం రాజు పెద విజయరామరాజు చెల్లెలే ఆ ఊరి అమ్మవారు పైడితల్లి అని ఐతిహ్యం. అన్న కోసం కుమిలిన ఆడబిడ్డ కథను ఊరంతా తనదిగా చేసుకుంది. దసరా వెళ్లిన తొలి మంగళవారం అమ్మవారి సిరిమాను ఊరేగుతుంటే కులం, వాడ తేడా లేకుండా జనం వీధుల్లో నిలబడతారు. కథలో చరిత్ర పాలెంతో పండితులు తేల్చుకుంటారు. ఒక కుటుంబ దుఃఖాన్ని ఊరు ఏటా తలకెత్తుకోవడం మాత్రం కళ్లెదుటి సంగతే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. దైవచిత్తం అంటూ ఓదార్చేవాళ్లు అన్యాయానికి ముసుగు వేస్తారన్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తీసుకుపోతోంది. కచ్చితంగా ఇదే కారణమని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. అక్కడ డయాలసిస్ మానిపించి స్వస్థత కూటాలకు రమ్మనే ప్రబోధకుడు చేసేది నేరం, దానికి మెత్తటి పేరు వెతకనక్కర్లేదు. అయితే అదే సోంపేటలో కెనడియన్ బాప్టిస్టుల ఆసుపత్రి కూడా ఉంది. అక్కడ కళ్లకు వైద్యం చేసిన డాక్టర్ బెన్ గలిసన్ పిలుపుతోనే 1963లో కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. ప్రార్థనా, వైద్యమూ ఒకే ఆవరణలో ఇమిడిన చరిత్ర ఆ నేలదే. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అవి చేయగలిగింది అవి చేస్తాయి. అప్పటికే మనిషి పోయిన ఇంట్లో ‘మాకే ఎందుకు?’ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి జవాబు చెప్పబోయే పాస్టరు కంటే చెప్పకుండా కూర్చోగలిగినవాడే మేలు. బైబిల్లో యోబు మిత్రులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి అంతవరకే. నోరు విప్పి కారణాలు చెప్పడం మొదలుపెట్టాక అంతా చెడగొట్టారు. ఉద్దానం పాస్టరు ఎవరైనా ఆ పుస్తకాన్ని అక్కడిదాకా చదివి ఆగితే తప్పు పట్టలేం.

డబ్బు సాయం ముందు, ఓదార్పు తర్వాత అనేవాళ్ల మాటలోనూ నిజముంది. పార్థివదేహాన్ని పంపడానికి అయ్యే ఖర్చు చిన్నది కాదు. అమెరికాలోని తెలుగు సంఘం తానా వారి టీమ్ స్క్వేర్ వంటి బృందాలు అర్ధరాత్రి ఫోనెత్తి చేసే పనిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ విమానాశ్రయం నుంచి సొంతూరి దాకా ఉచిత అంబులెన్సు ఏర్పాటు చేస్తోంది. గల్ఫ్ నుంచి పెట్టె వచ్చే శ్రీకాకుళం ఇళ్లకు అది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. ఈ సాయాలన్నీ అంత్యక్రియల రోజుతో ముగుస్తాయి, ముగియాలి కూడా, అవి అత్యవసర సేవలు గనుక. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి రంగూన్ ఓడలెక్కినవాళ్ల తరం మనకు మరో సంగతి నేర్పింది. 1942లో జపాన్ సేనలు ముంచుకొస్తుంటే బర్మా నుంచి కాలినడకన వెనక్కి మళ్లినవాళ్లలో దారిలో రాలిపోయినవాళ్లకు సమాధీ లేదు, తద్దినం పెట్టడానికి తిథీ లేదు. మనకు విమానాలున్నాయి, తేదీలు నిమిషాలతో సహా తెలుసు. గుర్తుపెట్టుకునే నాథుడే లేడు.

ఇక్కడివాళ్లు ఏకాంతం కోరుకుంటారు, తలుపు తడితే చొరబాటు అనుకుంటారన్న సంకోచం మిగిలింది. కొందరి విషయంలో అది నిజమే, వద్దంటే తిరిగి రావచ్చు. అడగకపోవడాన్ని మర్యాద అనుకోవడం దగ్గరే నాకు పేచీ. తీరిక సంగతంటారా, పాస్టరు కూడా ఒంటరిగా ఈ పని చేయడు. స్త్రీల సమాజం వాళ్లు వంతులేసుకుని భోజనాలు పంపుతారు, సంఘపెద్దలు ఆసుపత్రికి తిరుగుతారు. జీతం రాళ్లు తక్కువైన ఆ మనిషి సొంత తల్లి పోయిన వారం కూడా ఆదివారం ప్రసంగం చెప్పక తప్పదు. ఆ బరువంతా ఒకరి మీద పెట్టడం ఆ పద్ధతిలోని లోపం, దాన్ని మనం దిగుమతి చేసుకోనక్కర్లేదు.

సంక్రాంతి సంబరాలకు టికెట్లు కొన్నవాళ్ల పేర్లు ప్రతి సంఘం దగ్గరా ఉంటాయి. ఈ ఏడాది కన్నవాళ్లను, కట్టుకున్నవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల పేర్లు కూడా అదే కార్యదర్శి దగ్గర, తేదీలతో ఉండాలి. ఒక్కో పేరుకు నలుగురేసి మనుషుల్ని కేటాయించాలి, వాళ్లలో కనీసం ఒకరికి పోయినవారి ఊరు తెలిసి ఉండాలి. నలభయ్యో రోజుకు ఒకసారి, తొలి పండక్కి ఒకసారి, ఏడాదికి ఒకసారి వెళ్లిరావాలి. పద్యమో, కీర్తనో, భజనో ఆ ఇంటివాళ్లే చెప్తారు. మొదటి జాబితాను వచ్చే కార్యవర్గ సమావేశంలో, బడ్జెట్ చర్చకు ముందే పెట్టమని అధ్యక్షులను కోరుతున్నాం.