ఇంటిలో కంఠధ్వనిని పట్టి యుంచు విధము



గడచిన శ్రావణమాసమున మా అత్తగారు ఊర్మిళాదేవి నిద్ర పాటను ఆద్యంతము పాడిరి. వారికి డెబ్బదియెనిమిది యేండ్లు. ఆ పాట వారికి తల్లివలన సంక్రమించినది. ఆ తల్లికి తన యత్తవలన. అచ్చుపుస్తకమున దొరకు పాఠమునకును, వారు పాడుదానికిని కొన్ని చరణములయందు భేదము కలదు. ఆ భేదము కాగితముపై నెక్కలేదు. వారి కంఠముననే యున్నది. కావున దానిని కంప్యూటరులోనికి ఎక్కింపవలెనని యొక మైకును తెప్పించితిని.

క్రొత్త వస్తువునందలి యుత్సాహముచే, ధ్వని యెంత హెచ్చుగ నున్న నంత మేలని తలచి, దాని మీటను కడవఱకు త్రిప్పితిని. పైన ఫాను తిరుగుచునే యున్నది. ముప్పావుగంటసేపు అత్తగారు తన్మయత్వముతో పాడిరి. పిదప విని చూతునుగదా, పైస్థాయి నందుకొన్న చోట్లనెల్ల కంఠము పగిలి గరగరలాడుచున్నది. మెల్లగ పాడినచోట ఫాను హోరు తప్ప మఱేమియు వినరాదు. మావారు బడినుండి వచ్చి విని, “ఫాను మాత్రము చక్కగ పాడినది” అనిరి. మఱునాడే అత్తగారికి దగ్గు పట్టెను.

నా తొందరపాటువలన కలిగిన యీ నష్టము మఱియొక యింట కలుగకుండుటకై, పిమ్మట నేర్చుకొన్నదానిని వ్రాయుచున్నాను. ఇందు గహనమైన శాస్త్ర మేమియు లేదు. పాలు కాచుట తెలిసిన స్త్రీకి ఇదియు తెలియును.

కంప్యూటరు తెఱపై ధ్వని హెచ్చుతగ్గులను చూపు గీత యొకటి కదలుచుండును. దాని తుదియందలి సున్న గిన్నె యంచు వంటిది. దానికి లోపలి కొలతలన్నియు ఋణసంఖ్యలు. ధ్వని సున్నను దాటబోయిన, ఆ పైభాగము తెగిపోవును. పొంగి నేలపాలయిన పాలను మఱల గిన్నెలోనికి ఎత్తగలమా? ఇదియు నంతే, ఏ యుపాయముచేతను ఆ కంఠము సంపూర్ణముగ తిరిగి రాదు. ధ్వని కొంత తగ్గుగ నున్నచో పిదప పెంచుకొనవచ్చును. కాని దానితో హోరును పెరుగును. కావున మాటలయందలి మిక్కిలి గట్టి ధ్వనులు ఋణము 12 డెసిబెల్లకును ఋణము 6 డెసిబెల్లకును నడుమ నుండునట్లు మీటను త్రిప్పవలెను. పాటకు ఋణము 12 దగ్గఱ నిలుపుట క్షేమము. పరీక్షకై పాడునపుడుకంటె మనసు లగ్నమైనపుడు కంఠము హెచ్చును. ఆ పరీక్షయు మెల్లని పల్లవితో కాదు, పాటలో నన్నిటికంటె పైకి పోవు చరణముతో చేయవలెను.

1902వ సంవత్సరమున కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కొఱకు పాడినపుడు మైకు లేదు. బాకావంటి గొట్టమున కెదురుగ నిలిచి పాడవలసి యుండెను. విద్యుత్తుతో పనిచేయు మైకు ఆ పనికి 1925 ప్రాంతమున వచ్చినది. త్రిప్పుటకు మీటలు లేని ఆ దినములలో గాయకులకు ముఖ్యమైన యుపాయము దూరమే. నేడును మొదట సరిచూచుకొనవలసినది దూరమే. మైకును సగము దూరమునకు జరిపినచో కంఠధ్వని సుమారు 6 డెసిబెల్లు హెచ్చును. పైనున్న ఫాను హోరు దాదాపు ఉన్నట్లే యుండును. కావున మైకును నోటికి జానెడు దూరమున నుంచి, మీటను తగ్గింపుడు. అంతకంటె మిక్కిలి దగ్గఱ చేసినచో ఫ, భ వంటి మహాప్రాణములను పలుకునపుడు ఊపిరి తగిలి దబదబ శబ్దము వచ్చును. నోటికి సూటిగ గాక కొంచెము ప్రక్కగ నుంచిన ఆ బాధ తీఱును.

ఇక ఇంటి రొద. ఫాను ఆపవలెను. వేసవిలో వృద్ధులు ఫాను లేక కూర్చుండలేరు గనుక తెల్లవాఱుజాము మంచిది. అప్పటికి ప్రక్కింటి కుక్కరు ఈలలును లేవవు. ఫ్రిజ్‌ను ఆపినచో తలుపుపై చీటి యంటింపుడు. మేము మఱచి పాలు విఱుగగొట్టుకొంటిమి. మైకు క్రింద మడతపెట్టిన తువాలు నుంచినచో బల్ల యదురు దానికి తగులదు. అన్నిటికంటె మొండిది ప్రతిధ్వని. బోసిగోడల హాలులో పాడిన పాటలోని ప్రతిధ్వనిని తరువాత తొలగించుట కడుకష్టము. బట్టలు, బొంతలు, దుప్పట్లు ఉన్న చిన్నగది మన పేదయింటి స్టూడియో.

పాట మొదలిడుటకు ముందు పది సెకండ్లు అందఱును ఊరకుండవలెను. ఆ నిశ్శబ్దమున మిగిలిన సన్నని హోరే పిదప మనకు నమూనా. ఆడాసిటీ యను ఉచిత సాఫ్ట్‌వేరుకు ఆ భాగమును చూపినచో, అట్టి ధ్వనిని పాటయంతట తగ్గించును. ఎడతెగక ఒక్కతీరుననుండు హోరునకే ఇది మందు. కుక్క మొఱిగినచో ఆ చరణమును మఱల పాడించుటయే మార్గము. మందు మితిమీఱరాదు, హెచ్చయినచో కంఠము నీటిలోనుండి వచ్చినట్లుండును. మొదటి ప్రతిని ముట్టక, నకలుపైననే యీ పని చేయవలెను.

ఫోనులో పట్టువారు దానిని విమానపు మోడులో నుంచుడు. కొన్ని ఫోనులు ధ్వనిని తమంతట తామే హెచ్చించి తగ్గించును. అందుచే పాడునామె ఊపిరి తీసికొన్నపుడెల్ల హోరు పైకి లేచును. ఆ యేర్పాటును ఆపు వీలున్నచో ఆపివేయుడు.

మూడువారములకు అత్తగారి దగ్గు తగ్గినది. ఈమాఱు రోజునకు పది నిమిషముల చొప్పున తెల్లవాఱుజామున పాడించితిని. గీత అంచు దాటలేదు. మాటమాటయు తేటగ వచ్చినది. కాని మొదటినాడు పాడిన రెండు చరణములు వారికి జ్ఞప్తికి రాలేదు. “అవి నేను పాడితినా?” అని యడిగిరి. ఆ పగిలిన ప్రతినే పెట్టి వినిపించితిని. వారు కన్నులు మూసికొని వినిరి; గరగరల నడుమ మాటల నేరుకొని నేను పుస్తకమున వ్రాసికొంటిని. మాటలు దక్కినవి. మఱల పాడుమంటిని గాని, ఆ నడక తనకు పట్టుబడుట లేదనిరి.

సోదరీమణులారా, మీ యింట పాడు పెద్దలున్నచో పండుగదాక ఆగకుడు. ఈ వారమే కూర్చుండబెట్టుడు. కాని అంతకు ముందు ఒక్క నిమిషము పాడించి, విని, గీతను చూచుకొనుడు. ఆ యొక్క నిమిషము నాకు లేకపోయినది.