కొండ మాటున రేడియో మూగబోరాదు

మైదానంలో రేడియో పెట్టుకున్నవారికి కొండ సంగతి పట్టదు. పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాల వారికి మాత్రం అది రోజూ ఎదురయ్యే చిక్కు. ఘాటురోడ్డు మలుపులో, గట్టు మీద చక్కగా పలికిన సెట్టు లోయలోని గూడెంలోకి దిగేసరికి గరగరమంటుంది. సెట్టు పాడైందని కొందరు, బ్యాటరీలు అయిపోయాయని కొందరు అనుకుంటారు. చాలాసార్లు సెట్టుకు ఏమీ కాదు. అడ్డు కొండది. ఆ కొండను లెక్కలోకి తీసుకోకపోవడం ఏర్పాట్ల లోపం.

రేడియో తరంగాలన్నీ ఒక తీరున నడవవు. ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అది వెలుతురు వలె దాదాపు తిన్నగా పోతుంది. కొండ అడ్డు వస్తే ఆవలి వైపు నీడ పడుతుంది. ఆ నీడలో చిక్కిన ఊరికి ట్రాన్స్‌మిటర్ 10 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా లేనట్టే. మీడియం వేవ్ తరంగం చాలా పొడవైనది. 1963లో మొదలైన విశాఖపట్నం ఆకాశవాణి వాడిన 927 కిలోహెర్ట్జ్‌లో దాని పొడవు సుమారు 324 మీటర్లు. అది నేలను అంటిపెట్టుకుని పోతూ చిన్న గుట్టలను చుట్టి రాగలదు. అయితే రాతినేల మీద, వరుస కొండల మీద దాని బలం త్వరగా తగ్గిపోతుంది. అందుకే తీరగ్రామాల్లో ఖంగున మోగే ప్రసారం మన్యంలో సన్నగిల్లుతుంది.

షార్ట్ వేవ్ దారి వేరు. నేల వెంట పోయే భాగం కొండల్లో కొద్ది దూరానికే అణగిపోతుంది. పైకి పోయిన భాగం మాత్రం 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి 300 కిలోమీటర్ల పైవరకు ఉన్న అయనావరణంలో వంగి, మళ్లీ నేలకు దిగుతుంది. లోయలో పొద్దు సంగతి రైతులకు తెలిసిందే. ఉదయపు ఎండ కొండ మాటున ఆగిపోతుంది. పొద్దు పైకెక్కితే అదే ఎండ లోయ అడుగుదాకా పడుతుంది. షార్ట్ వేవ్ కూడా అంతే. తక్కువ వాలున వచ్చేది కొండకు తగిలి ఆగుతుంది. ఎత్తు నుంచి దిగేది ఊరికి అందుతుంది.

ఊరికి 2 కిలోమీటర్ల దూరాన 500 మీటర్ల ఎత్తు కొండ ఉన్నదనుకుందాం. అది కంటి ముందు సుమారు 14 డిగ్రీల మేర ఆకాశాన్ని కప్పుతుంది. వేల కిలోమీటర్ల దూరాన ఉన్న లండన్ వంటి చోట్ల నుంచి వచ్చే తరంగాలు సాధారణంగా 10 డిగ్రీలకు లోపు వాలున వస్తాయి. కనుక అవి కొండకే తగులుతాయి. సిలోన్ నుంచి వచ్చేది 20 డిగ్రీలకు పైన ఉంటుంది కాబట్టి దాటి వస్తుంది. పాడేరుకు సుమారు 450 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు నుంచి వచ్చేదైతే దాదాపు 50 డిగ్రీల వాలున దిగుతుంది. దానికి కొండ అడ్డే కాదు. హైదరాబాదు కేంద్రం 4800 కిలోహెర్ట్జ్ మీద వినిపించిన రోజుల్లో ఒక్క ట్రాన్స్‌మిటర్ ఇన్ని లోయలకు అందడంలోని కిటుకు ఇదే.

ఆ ప్రసారం ఆగిపోయింది. ఆకాశవాణి షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్లు దేశంలో ఒకదాని వెంట ఒకటిగా మూతపడ్డాయి. పాత యంత్రాలకు విడిభాగాలు దొరకవు, కరెంటు ఖర్చు ఎక్కువ, వినేవారు తగ్గారు, సెల్‌ఫోన్లు వచ్చాయి అని చెప్పే కారణాల్లో నిజం లేకపోలేదు. కొత్త సెట్లలో చాలావాటికి షార్ట్ వేవ్ బ్యాండే ఉండడం లేదు. అయినా మైదానానికి సరిపోయిన లెక్కను కొండకు అతికించడం న్యాయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు కూలాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అటువంటి వేళ గూడేనికి కబురు చేర్చగలిగేది బ్యాటరీ రేడియో. దానిలో వినడానికి ప్రసారం ఉండాలి కదా!

షార్ట్ వేవ్ స్థానంలో ఎఫ్.ఎం. వస్తున్నదని అంటారు. 2023 ఏప్రిల్ 28న దేశంలో 91 చోట్ల 100 వాట్ల ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు ప్రారంభమయ్యాయి. మంచిదే. మైదానంలో అటువంటిది చుట్టుపక్కల మండలాలకు పనికివస్తుంది. కొండల్లో మాత్రం ఎన్ని వాట్లు అన్నదానికంటే ఎక్కడ నిలబెట్టారన్నదే ముఖ్యం. లోయలోని పట్నంలో టవరు వేస్తే ఆ లోయకే వినిపిస్తుంది. పక్క లోయకు అందదు. శిఖరం మీద వేస్తే పలు లోయలు కలిసివస్తాయి, కాని అక్కడికి రోడ్డు, కరెంటు, కాపలా కావాలి. పటం మీద టవరు చుట్టూ గుండ్రంగా గీత గీసి, లోపలి ఊళ్లన్నిటికీ ప్రసారం అందుతున్నట్టు రాసుకోవడం కాగితపు లెక్క మాత్రమే.

అందుచేత అధికారులు చేయవలసినవి రెండు. ఒకటి, పంచాయతీల వారీగా సెట్టు పట్టుకుని తిరిగి, ఏ గూడెంలో ఏది వినిపిస్తున్నదో నమోదు చేయాలి. నీడ పడిన చోట్లకు చిన్న రిలే ట్రాన్స్‌మిటర్లు గట్ల మీద పెట్టాలి. రెండు, తుపాను, వరద రోజుల కోసమైనా తెలుగులో ఒక షార్ట్ వేవ్ ప్రసారాన్ని సిద్ధంగా ఉంచాలి. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట నడిపినా చాలు. రోజూ కొంత వినిపించకపోతే, ఆపద రోజున సెట్టు ఏ మూల ఉన్నదో ఎవరికీ గుర్తుండదు.

శ్రోతలు చేసుకోగల పనులూ ఉన్నాయి. రేకుల ఇంట్లో, స్లాబు కింద తరంగం బలహీనపడుతుంది. 10, 15 మీటర్ల రాగి తీగను రెండు చెట్ల మధ్య మనిషెత్తుకు కాస్త పైన కట్టి, కొసను ఏరియల్‌కు తగిలిస్తే షార్ట్ వేవ్ బలం పెరుగుతుంది. కరెంటు తీగల దగ్గర కట్టరాదు. ఉరుములు మొదలవకముందే తీగను విడదీయాలి. మీడియం వేవ్ సెట్టును అటూ ఇటూ తిప్పి చూడాలి. ఎఫ్.ఎం. కోసం నాలుగడుగులు జరిగి చూడాలి.

కాని తీగ కట్టడం వరకే గ్రామస్థుని వంతు. పైనుంచి ఏమీ దిగిరాకపోతే ఎంత పొడవు తీగ కట్టినా ప్రయోజనం లేదు. కొండను ఎవరూ కదల్చలేరు, దానిని దాటి మాట పంపే దారి మాత్రం తెలిసిందే. తెలిసిన దారిని మూసివేసి, గూడెం వారికి హెచ్చరిక అందలేదని తరువాత విచారిస్తే లాభం లేదు.