చెరువు గట్టు రన్‌వే కాదు బావా!

మా బావది ఉండి. ఉద్యోగం గచ్చిబౌలిలో, మనసు మాత్రం ఎప్పుడూ ఊళ్ళోనే. మొన్న ఫోన్ చేసి "ఒరేయ్, సెకండ్ హ్యాండ్ పారామోటార్ ఒకటి దొరికిందిరా, కొనేస్తున్నా" అన్నాడు. ఎక్కడ నేర్చుకుంటావ్ బావా అంటే, "నేర్చుకునేదేముంది, యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయ్. రెండు వీకెండ్లు చాలు. మన చెరువు గట్టే రన్‌వే. సంక్రాంతికి కోడిపందాల బరి మీద ఓ రౌండ్ వేస్తా, చూడు!"

అదిగో, అక్కడ మండింది నాకు. పెద్దవాడు, ఫోన్లో గట్టిగా అనలేక ఇక్కడ రాస్తున్నా. ఇది మా బావ ఒక్కడి జబ్బు కాదు కాబట్టి మీరూ చదవండి.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకో గుడ్డి నమ్మకం. ఏ విద్యైనా నలభై అయిదు రోజుల్లో వచ్చేస్తుందని. అమీర్‌పేటలో కోర్సు, రెజ్యూమెలో మూడేళ్ళ అనుభవం, మిగతాది ప్రాజెక్టులో పడ్డాక చూసుకోవచ్చు. అక్కడ చెల్లింది. ఎందుకంటే తప్పు చేస్తే సర్వర్ పడుతుంది, మనం పడం.

పారామోటార్ చూడ్డానికి తేలికే. నెత్తి మీద గుడ్డతో చేసిన రెక్క, వీపున పాతిక ముప్ఫై కిలోల పెట్రోల్ ఇంజను, దానికో ప్రొపెల్లర్. నాలుగడుగులు పరిగెడితే గాల్లో ఉంటాం. తంటా అంతా ఆ నాలుగడుగుల్లోనే.

క్రితం ఏడాది సెలవు పెట్టి నేనూ నేర్చుకోడానికి వెళ్ళా. మొదటి నాలుగు రోజులూ మాస్టారు మోటార్ ముట్టుకోనివ్వలేదు. మైదానంలో రెక్క పరువు, గాలికి లేపు, నెత్తి మీద నిలబెట్టు, దించు. మళ్ళీ మొదలు. గ్రౌండ్ హ్యాండ్లింగ్ అంటారు దీన్ని. డబ్బు కట్టింది ఎగరడానికా, గాలిపటాలాడ్డానికా అని లోపల తిట్టుకున్నా. మూడో రోజు గాలి పెరిగింది. ఆయన ఆపమన్నా వినకుండా ఇంకొక్కసారి అని లేపా. రెక్క నన్ను మోకాళ్ళ మీద ఈడ్చుకుపోయింది. బ్రేకులు పూర్తిగా లాగితే రెక్క కూలుతుందని నాకు తెలుసు. వీడియోల్లో వంద సార్లు చూశా. కానీ బుర్రకి తెలుసు, చేతులకి తెలీదు. ఆ క్షణంలో వీపున తిరుగుతున్న ప్రొపెల్లర్ కూడా ఉండుంటే ఈ టపా రాసేవాణ్ణి కాదేమో.

రైట్ సోదరులు 1903లో ఎగిరారని అందరం చదువుకున్నాం. అంతకుముందు 1900 నుంచి 1902 దాకా ఇంజను లేని గ్లైడర్లతో ఇసుకదిబ్బల మీద వందల సార్లు జారారని ఎంతమందికి గుర్తుంది? వాళ్ళు కూడా ముందు రెక్క నేర్చుకుని, ఆ తర్వాతే మోటార్ పెట్టారు.

ఇక ఉండి సంగతి. కొండల్లేవు, అంతా చదును, ఇంతకంటే ఏం కావాలంటాడు బావ. చదునే, కానీ అందులో పొడి నేలెంత? ఇంజను ఆగితే 100 మీటర్ల ఎత్తు నుంచి గాలి లేనప్పుడు మహా అయితే 500, 600 మీటర్లు జారతావు. ఆ దూరంలో ఉండేవి చేపల చెరువులు, రొయ్యల చెరువులు, ఏరియేటర్లకి లాగిన కరెంటు తీగలు, గట్టున కొబ్బరిచెట్లు. పారామోటార్ పైలట్లు అన్నిటికంటే భయపడేవి రెండే: నీళ్ళూ, తీగలూ. చెరువులో పడితే ఈత వచ్చినా లాభం లేదు. మోటార్ నడుముకీ తొడలకీ బెల్టులతో బిగించి ఉంటుంది, రెక్క తాళ్ళు కాళ్ళకి చుట్టుకుంటాయి.

అక్కణ్ణించి కొల్లేటి మీదకి వెళ్ళి వీడియో తీస్తాడట. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల. నీకు గాలి ప్రశాంతంగా ఉండే చలికాలపు ఉదయాలే ఆటపాకలో గూడబాతులు పిల్లల్ని పెంచుకునే రోజులు. వాటి గూళ్ళ మీద నీ ఇంజను రొదెందుకు? నాలుగైదు కిలోల పక్షి రెక్కకి అడ్డమొస్తే దానికీ నీకూ కూడా చేటే.

"అమెరికాలో లైసెన్సే అక్కర్లేదు" అంటారు మనవాళ్ళు. నిజమే. 254 పౌండ్ల లోపు బరువుంటే అక్కడ లైసెన్సు అడగరు. అదే చట్టం ఊళ్ళ మీదా, జనం గుమిగూడిన చోటా ఎగరొద్దని కూడా చెప్తుంది. అంటే నీ ప్రాణం నీ ఇష్టం, పక్కవాడిది కాదు. కోడిపందాల బరి కంటే పెద్ద గుంపు మన జిల్లాలో ఎక్కడుంది బావా?

"సైకిల్ కూడా పడే నేర్చుకున్నాంగా?" అంటావు. పడ్డాం. మోకాలు చెక్కుకుపోయింది, అమ్మ పసుపు పెట్టింది. ముప్ఫై మీటర్ల ఎత్తు నుంచి పడితే పసుపు పెట్టడానికేం మిగలదు.

ఎగరొద్దనట్లేదు. ఐదో రోజు నా కాళ్ళు నేలని వదిలినప్పుడు కలిగిన ఆనందం నీకూ దక్కాలనే నా బాధంతా. మోటార్ కొనడం ఆపు. ముందో మంచి గురువుని చూసుకో, అనుమతుల సంగతి కనుక్కో. ఈ సంక్రాంతికి సార్వా కోసిన చేలో, దాళ్వాకి నీళ్ళు పెట్టేలోపు, తీగల్లేని చోట ఉత్త రెక్కతో ఇద్దరం నిలబడదాం. రెక్క చూడకుండా పది నిమిషాలు నెత్తి మీద నిలిపావా, నీ మోటార్‌కి మొదటి వాయిదా నేను కడతా.

నిలపలేకపోతే మాత్రం, బుద్ధిగా బరి దగ్గర కుర్చీలో కూర్చుని పందెం చూడు. అక్క నిశ్చింతగా ఉంటుంది.