కిరాయి ఇల్లు: ఇచ్చట, సముద్రమునకు ఆవల

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ రెంటిలోని వ్యయము, ప్రయాస అనుభవించినవారికే తెలియును. అయితే నేడు మన కుటుంబములలో మరియొక విధమైన ఇంటి మీద మోజు పెరుగుచున్నది. అది తాము కాపురముండుటకు కట్టుకొను ఇల్లు కాదు, పరులకు కిరాయికిచ్చుటకు కొను ఇల్లు. దానిని గూర్చి విద్యార్థులము మేము మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఆ ఇంటి వెల మా తండ్రుల చెమట. రేపు దాని దస్తావేజులు, దాని చిక్కులు మా చేతికే వచ్చును. కనుక మాకు మాట్లాడు హక్కు కలదని భావించుచున్నాము.

1970ల నాటి చమురు ధరల పెరుగుదల తరువాత హైదరాబాదు పాతనగరము నుండి, కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి ప్రాంతముల నుండి వేలాదిమంది గల్ఫ్ దేశములకు తరలిపోయిరి. మాలో పలువురి తండ్రులో, అన్నలో, మేనమామలో ఆ బాటన నడిచినవారే. అచ్చట కార్మికునకు ఉద్యోగము ముగిసిననాడు కొంత గ్రాట్యుటీ లభించునే గాని పింఛను లేదు. ఎన్ని ఏండ్లు పనిచేసినను చివరకు తిరిగి రాక తప్పదు. అట్టివానికి నెలనెలా వచ్చు కిరాయియే పింఛను. వడ్డీ సొమ్ము ముట్టుటకు మనసొప్పని కుటుంబములకు అది న్యాయార్జితమను తృప్తి కూడ కలదు. కావున ఈ కోరికను మేము తప్పుపట్టుట లేదు. లెక్క చూడకుండ, కాగితము చదవకుండ, కిరాయిదారును మనిషిగా తలపకుండ ఆ కోరిక తీర్చుకొనుటను మాత్రమే తప్పుపట్టుచున్నాము.

ముందుగా లెక్క. ఉదాహరణకు హైదరాబాదులో 60 లక్షల రూపాయలకు ఒక ఫ్లాటు కొని నెలకు 15,000 రూపాయలకు కిరాయికిచ్చితిమనుకొందము. ఏడాదికి వచ్చునది 1,80,000 రూపాయలు, అనగా పెట్టుబడిలో నూటికి 3 రూపాయలు. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండినను, ఆస్తిపన్నుకు, మరమ్మతులకు 30,000 రూపాయలు పోయినను, మిగులునది 1,35,000 రూపాయలు మాత్రమే. ఇందులో 40 లక్షలు నూటికి 8.50 వడ్డీకి అప్పు తెచ్చినవైనచో మొదటి ఏడాది వడ్డీయే 3,40,000 రూపాయలు. కిరాయి వచ్చుచున్నదని ఇంటిల్లిపాది సంతోషించుచుండగా, పరదేశములోని తండ్రి ఏటా రెండు లక్షలకు పైగా చేతినుండి పెట్టుకొనుచుండును. స్థలము ధర పెరుగునన్న ఆశయే ఈ బేరమును నిలుపుచున్నది. ఆశ నెరవేరవచ్చును, నెరవేరకపోవచ్చును. కాని ఆశను ఆదాయముగా లెక్కవ్రాసుకొనరాదు.

తరువాత కాగితము. ఒక అన్న సొమ్ము పంపగా ఒక తమ్ముడు స్థలము కొని, రిజిస్ట్రేషను మాత్రము తన పేరనో మామగారి పేరనో చేయించుట మనము ఎరుగనిది కాదు. ముఖ్తార్‌నామా చేతికి రాగానే ఆస్తి వచ్చినట్లే తలచువారు నేటికిని కలరు. అట్టి కాగితముతో స్థిరాస్తిపై హక్కు సంక్రమించదని, రిజిస్టరైన క్రయ దస్తావేజే కావలెనని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా తీర్పు చెప్పినది. చెరువు శిఖములలోను, వివాదములోనున్న భూములలోను చవకగా వచ్చినదని కొన్నవారి గతి ఏమగునో 2024లో హైదరాబాదులో హైడ్రా చేపట్టిన కూల్చివేతలు కన్నులకు కట్టినవి. సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయములో ఇ.సి. తీయించి చూచుటకు అగు ఖర్చు స్వల్పము. చూడకపోవుట వలన కలుగు నష్టము ఒక జీవితకాలపు సంపాదన.

ఇచ్చటి ఈ చిక్కులకు వెరచి, అచ్చటనే కొనుట మేలని ఇటీవల కొందరు తలచుచున్నారు. దుబాయిలో నిర్ణీత ప్రాంతములలో విదేశీయులు సంపూర్ణ హక్కుతో ఇల్లు కొనుటకు 2002లో అవకాశము కలిగినది; 2006 నాటి చట్టము దానిని స్థిరపరచినది. అచ్చట కిరాయి ఇచ్చటికంటె సాధారణముగా మిక్కిలి ఎక్కువ. పైగా దిర్హము డాలరుతో ముడివడి యున్నందున, 2002లో సుమారు 13 రూపాయలుగా నున్న దాని విలువ 2025లో 23 రూపాయలను దాటినది. ఇది నిజమే. కాని రెండవ వైపును కూడ చూడవలెను. 10 లక్షల దిర్హముల ఫ్లాటునకు నూటికి 4 వంతున 40,000 దిర్హములు బదిలీ రుసుము చెల్లించవలెను. ఏజెంటునకు నూటికి 2 వంతున మరి 20,000. ఏడాదికి 65,000 దిర్హములు కిరాయి వచ్చి, అందు 15,000 సర్వీసు చార్జీలకు పోయినచో మిగులునది 50,000. మొదటి ఏటి ఆదాయము కొనుగోలు ఖర్చులకే చాలదు. 2008, 2009 సంవత్సరముల మాంద్యములో అచ్చటి ఇండ్ల ధరలు సుమారు సగమునకు పడిపోయినవి. పునాదులలోనే నిలిచిపోయిన కట్టడములకు వాయిదాలు కట్టినవారు ఎందరో.

ఇచ్చట నివసించువారు అచ్చట కొనదలచినచో రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము ఒక ఆర్థిక సంవత్సరములో ఒక్కొక్కరు 2,50,000 డాలర్లకు మించి పంపరాదు. అచ్చటి ఇంటిని, దాని కిరాయిని ఇచ్చటి ఆదాయపు పన్ను లెక్కలో చూపవలెను. ఆస్తిని దాచినవారికి 2015 నాటి చట్టము క్రింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చును. అచ్చట వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు గదా యని ఇచ్చట మౌనము వహించుట ప్రమాదకరము. హవాలా దారిన పోయిన సొమ్ముతో కొన్న ఇల్లు ఎన్నటికిని నిశ్చింతగా నిద్రపట్టనీయదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది కిరాయిదారు. మా తండ్రులు దుబాయి, షార్జాలలో ఇల్లు గాదు, ఒక మంచము మాత్రమే కిరాయికి తీసుకొని, ఒకే గదిలో పలువురు సర్దుకొని, ఆ ఇరుకులోనుండి ఇచ్చటి ఇంటికి ఇటుకలు పంపిరి. అద్దెకున్నవాని కష్టము వారికంటె ఎరిగినవారు లేరు. దుబాయి చట్టము ప్రకారము యజమాని తాను కాపురముండుటకో, ఇల్లు అమ్ముటకో కిరాయిదారును ఖాళీ చేయింపవలెనన్నను పండ్రెండు నెలల ముందు నోటీసు ఈయవలెను. మన యూళ్ళలోనో, రిజిస్ట్రేషను తప్పించుకొనుటకు పదకొండు నెలల కాగితము, దానిపై ఒక నోటి మాట! అడ్వాన్సు రెండు నెలల కిరాయిని మించరాదని 2021లో కేంద్రము ఆమోదించిన నమూనా చట్టము చెప్పుచున్నను, అది నమూనాగానే యున్నది.

జిల్లాల నుండి వచ్చిన మా తోటి విద్యార్థులు గదుల కొరకు వీధివీధి తిరుగుదురు. పేరు వినగానే తలుపు మూయు యజమానులు కలరు. కులము అడిగి, వంట ఏమి వండెదరని అడిగి, బ్రహ్మచారులకు ఈయమని చెప్పువారును కలరు. ఈ బాధ చెప్పుకొనుటకు మాకు నోరున్నది. కాని మనవారిలోనే ఇల్లు గలవారు మరియొకరిని ఇట్లే త్రిప్పి పంపుట లేదా? ఏటేటా కారణము లేక కిరాయి పెంచుట, అడ్వాన్సు తిరిగి ఈయక సున్నము ఖర్చని కోసివేయుట మనలో లేదా? నిన్న కిరాయిదారుగా అవమానపడినవాడు నేడు యజమానియై అదే అవమానమును పరులకు పంచినచో, ఆ గోడలు ఎంత ఎత్తైనను ఆ ఇల్లు చిన్నదే.

కావున కళాశాల కమిటీవారికి రెండు మనవులు. మొదటిది: వాణిజ్యశాఖ ఆధ్వర్యమున ఏటా రెండు మూడు దినములు, ఒక న్యాయవాదిని పిలిపించి, క్రయ దస్తావేజు, ఇ.సి., కిరాయి ఒప్పందము చదువుట, పెట్టుబడిపై నికరాదాయము కట్టుట మాకు నేర్పవలెను. ఉర్దూలోను తెలుగులోను నేర్పవలెను. ఇంటికి వచ్చిన కాగితమును చదివి చెప్పగల కుమారుడో కుమార్తెయో ఉన్నచో, పరదేశములోని తండ్రి మోసపోడు. రెండవది: పూర్వ విద్యార్థులలోను, విద్యార్థుల తల్లిదండ్రులలోను కిరాయి ఇండ్లు గలవారిని సమావేశపరచి, పేరు అడుగక, మతము అడుగక విద్యార్థులకు గదులిచ్చువారి పట్టిక ఒకటి కార్యాలయములో ఉంచవలెను. వ్యయము లేని పని. ఫలము మాత్రము గొప్పది.

ఇల్లు కొనుట మంచిదే. ఇచ్చట కొన్నను, సముద్రమునకు ఆవల కొన్నను, కొనక ముందు లెక్కకు, కొన్నప్పుడు చట్టమునకు, కొన్న పిదప మానవత్వమునకు లోబడియుండవలెను. ఈ మూడును పాటించినప్పుడే తండ్రుల చెమట సార్థకమగునని మా దృఢ విశ్వాసము.