నడిచే ఇసుక

సముద్రపు ఒడ్డున ఇసుక ఉన్నచోటనే ఉంటుందనుకుంటాం గదా? అది ప్రయాణం చేస్తూనే ఉంటుంది! అల ఐమూలగా వచ్చి ఇసుకను గట్టుమీదికి నెడుతుంది. నీరు మాత్రం తిన్నగా పల్లానికి జారుతుంది. ఆ రాకపోకల్లో ఇసుక రేణువు రవంత పక్కకు జరుగుతుంది.

విశాఖపట్నం దగ్గర ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇసుక దక్షిణానికి మళ్ళినా, మొత్తంమీద ఉత్తరానికి నడిచేదే ఎక్కువ. 1933లో తెరిచిన ఓడరేవు ముఖద్వారం పూడకుండా, దానికి దక్షిణాన రెండు పాత ఓడలను ముంచి అడ్డు కట్టారు. ఓడల కోసం ఓడలనే ముంచారన్నమాట! అక్కడ ఆగిన ఇసుకను యంత్రాలతో తోడి ఉత్తరపు ఒడ్డున పోయాలి. పోయకపోతే కొత్త ఇసుక రాదు. ఉన్నదాన్ని అలలు పట్టుకుపోతూనే ఉంటాయి. రామకృష్ణా బీచి కోతపడటానికి ఇదొక కారణం.