సైకిలుపై పన్ను తగ్గింది, మరమ్మతుకు దిక్కేది?

సైకిళ్ళు, వాటి విడిభాగాలపై వస్తు, సేవల పన్నును 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గిస్తూ జీఎస్టీ మండలి తీసుకొన్న నిర్ణయం 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చింది. పన్ను కలపకముందు 5,000 రూపాయలుండే సైకిలుపై కొనుగోలుదారుకు దీనివల్ల మిగిలేది 350 రూపాయలు. లుధియానా పరిశ్రమ చాలాకాలంగా కోరుతూ వచ్చిన రాయితీయే ఇది.

అయితే కొత్త సైకిలు కొనే కుటుంబానికి దక్కిన ఈ ఊరట, ఇంట్లో ఉన్న సైకిలును నెట్టుకొస్తున్న కుటుంబానికి ఏ మేరకు అందుతుందన్నది వేరే ప్రశ్న. పాత సైకిలుకు తరచుగా మార్చవలసి వచ్చేవి టైరు, ట్యూబు. ఆ రెండూ ఇంతకుముందే 5 శాతం పన్ను పరిధిలో ఉన్నాయి. గొలుసు, ఫ్రీవీలు, బ్రేకు రబ్బర్లపై పన్ను తగ్గిన మాట నిజమే కాని, వంద రూపాయల వస్తువుపై ఆ తగ్గుదల ఏడు రూపాయలు. చెట్టు కింద కూర్చుని పంక్చరు వేసే మెకానిక్కు కూలిపై మునుపూ పన్ను లేదు, ఇప్పుడూ లేదు.

ఇది కొద్దిమందికి చెందిన వ్యవహారం కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగం కుటుంబాలకు సైకిలు ఉంది. పశ్చిమ బెంగాల్‌లో ఈ నిష్పత్తి దాదాపు 79 శాతం, ఉత్తరప్రదేశ్‌లో సుమారు 75 శాతం. సైకిలును వ్యాయామ సాధనంగా చూసే నగర దృష్టికి ఈ అంకెలు ఒకింత ఆశ్చర్యం కలిగించవచ్చు.

భారతీయ సైకిలు ఇన్నాళ్ళు నిలిచింది ధర వల్ల మాత్రమే కాదు, విప్పి బిగించుకొనే వీలు వల్ల. 28 అంగుళాల చక్రాలు, ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు, కడ్డీ బ్రేకులు గల నల్ల సైకిలు బ్రిటిష్ నమూనా నుంచి వచ్చింది. ఆ కొలతలను అన్ని కంపెనీలూ పాటించాయి. ముంజాల్ సోదరులు 1944లో అమృత్‌సర్‌లో విడిభాగాల వ్యాపారంతో మొదలుపెట్టి, తరువాత లుధియానా చేరి, 1956లో హీరో సైకిళ్ళ తయారీ చేపట్టారు. అంటే ఆ పరిశ్రమలో విడిభాగం ముందు, సైకిలు వెనుక. 1951లో సోనీపత్‌లో ప్రారంభమైన అట్లాస్ సంస్థ 2020 జూన్ 3న సాహిబాబాద్ కర్మాగారంలో ఉత్పత్తి నిలిపివేసింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం విచిత్రం. కాగా, ఆ కర్మాగారం ఆగినంత మాత్రాన అట్లాస్ సైకిళ్ళు మూలపడలేదు. వాటి కోనులు, గుండ్లు, గొలుసు వేరే కంపెనీవైనా సరిపోతాయి గనుక.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో 'మరమ్మతు హక్కు'పై కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలపై అది దృష్టి పెట్టింది. సైకిలును ఆ జాబితాలో చేర్చలేదు. నల్ల సైకిలు విషయంలో ఆ అవసరమూ లేకపోయింది. చట్టం ఇవ్వకముందే ఆ హక్కును సైకిలు నిర్మాణమే ఇచ్చింది.

ఆ సౌలభ్యం ఇప్పుడు సన్నగిల్లుతోంది. గేర్లు, డిస్కు బ్రేకులు గల నమూనాలు వచ్చాక పొరుగు మెకానిక్కు చేతిలోని స్పానర్లు అన్నిటికీ చాలడం లేదు. టైరు సంగతే చూడండి. '26 అంగుళాలు' అని ఒకే పేరుతో పిలిచే టైర్లలో ఒకటి 590 మిల్లీమీటర్ల రిమ్ముది, మరొకటి 559 మిల్లీమీటర్లది. ఒకదానికి కొన్నది మరొకదానికి ఎక్కదు. టైరు పక్కభాగంపై 37-590, 54-559 అని అచ్చువేసి ఉండే అంకెలలో రెండవదే అసలు కొలత. పాత 28 అంగుళాల టైరుపై అది 40-635 అని ఉంటుంది. దుకాణానికి వెళ్ళే ముందు ఆ అంకె కాగితంపై రాసుకొంటే ఒక ప్రయాణం తప్పుతుంది.

నిజానికి సైకిలు పనిలో చాలా భాగానికి దుకాణం అక్కరలేదు. గొలుసును కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిచి చుక్క చుక్కగా నూనె వేయడం, టైరులో గాలి తగ్గకుండా చూడడం, అరిగిన బ్రేకు రబ్బర్లు మార్చడం ఇంటిలో జరిగే పనులే. ట్యూబులో గాలి నిలవకపోతే పంక్చరేనని తీర్మానించే ముందు వాల్వులోని చిన్న రబ్బరు గొట్టాన్ని చూడాలి. అది కొద్ది రూపాయల వస్తువు. పంక్చరు అతుకులు ఊడిపోవడానికి ముఖ్య కారణం తొందరపాటు. ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరి జిగటగా మారేవరకు ఆగాలి. తడిగా ఉండగానే అతుకు వేస్తే నిలవదు. చక్రం వంకర తీయడం, ఇరుసు కోనులు సరిచేయడం మాత్రం అనుభవజ్ఞుల పని.

ఆ అనుభవజ్ఞులను ప్రభుత్వాలు గుర్తించిన దాఖలా తక్కువ. 2020 లాక్‌డౌన్ సమయంలో ఏప్రిల్ 20 నుంచి సడలింపులు ఇస్తూ కేంద్ర హోంశాఖ జారీచేసిన మార్గదర్శకాలలో హైవేలపై లారీ మరమ్మతు దుకాణాలు, ధాబాలు ఉన్నాయి. స్వయం ఉపాధి సేవల కింద ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, మోటారు మెకానిక్కులు, వడ్రంగులు ఉన్నారు. సైకిలు మెకానిక్కు ప్రస్తావన లేదు. ఆ వారాలలోనే వలస కార్మికులు వందల కిలోమీటర్లు సైకిళ్ళపై స్వగ్రామాలకు బయలుదేరిన విషయం పాఠకులకు తెలిసినదే. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 వృత్తులను ఎంచుకొంది. పడవలు చేసేవారు, తాళాలు చేసేవారు, చేపల వలలు అల్లేవారు అందులో ఉన్నారు. వారికి పరికరాల నిమిత్తం 15,000 రూపాయల ప్రోత్సాహకం, 5 శాతం వడ్డీపై రుణం లభిస్తాయి. ఈ 18లోనూ సైకిలు మరమ్మతు లేదు.

మరోవైపు ప్రభుత్వాలే పెద్దయెత్తున సైకిళ్ళు పంచుతున్నాయి. బీహార్‌లో 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిలు కోసం 2,000 రూపాయల చొప్పున ఇవ్వడంతో మొదలైన పథకంపై ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ జరిపిన అధ్యయనం, బాలికల నమోదు 32 శాతం పెరిగినట్లు తేల్చింది. పాఠశాల దూరంగా ఉన్న గ్రామాలలోనే ఫలితం ఎక్కువ. పశ్చిమ బెంగాల్ 2015లో 'సబూజ్ సాథీ' చేపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరిట తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చారు. ఈ చర్యలు శ్లాఘనీయమే. కాని ఐదారు కిలోమీటర్ల దూరంలో బడి ఉన్న ఊరిలో ఒక్క పంక్చరు చాలు, ఆ రోజు హాజరు పోవడానికి. ప్రభుత్వం ఇచ్చిన సైకిలుతో పాటు ఒక పంపు, అతుకుల పెట్టె, రెండు స్పానర్లు చేర్చితే టెండరు విలువ పెద్దగా పెరగదు. వాటిని వాడడం నేర్పేందుకు బడిలో ఒక మధ్యాహ్నం సరిపోతుంది.

పొరుగుదేశమైన శ్రీలంకలో 2022 జూన్ చివర అత్యవసర సేవలకు తప్ప ఇంధన విక్రయాలు నిలిచిపోయినపుడు జనం సైకిళ్ళకై ఎగబడ్డారు. ధరలు విపరీతంగా పెరిగాయి. విదేశ మారకద్రవ్యం లేక దిగుమతులు కుంటుపడడంతో కొత్త సైకిళ్ళకు, విడిభాగాలకు కొరత ఏర్పడింది. మూలన పడిన పాత సైకిళ్ళను తిరిగి నడిపించగలవారికి అపుడు గిరాకీ వచ్చింది. ఆ నైపుణ్యం దిగుమతి చేసుకొనేది కాదు. మన దేశంలో విడిభాగాలకు ప్రస్తుతం లోటు లేదు. విశ్వకర్మ జాబితాలో పందొమ్మిదవ వృత్తిని చేర్చడానికి పార్లమెంటు చట్టమూ అక్కరలేదు.